సహోదరునికి కావలి

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 4:1–10, యెహెజ్కేలు 34:1–6, గలతీయులకు 6:1–5, యాకోబు 5:13–16



మూడు సంవత్సరముల క్రిందట ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక తల్లి, అందరును వెళ్లిపోవువరకు వేపచెట్టు క్రింద నిలిచి నా కొరకు కనిపెట్టుచుండెను. పాలు అమ్మి, నాట్లకును కలుపులకును పోయి కుమారుని చదివించిన తల్లి. ఆ కుమారుడు అమెరికాలో వైద్యుడు. ఆమె కొంగుతో కండ్లు తుడుచుకొనుచు ఇట్లు చెప్పెను.

“అయ్యగారూ, మావాడు నడుము నొప్పికని మాత్రలు మొదలుపెట్టి, ఆ మత్తుకు అలవాటు పడిపోయాడంట. ఆఖరికి వేరేవాళ్ల పేరున చీటీలు రాసి తెచ్చుకుంటూ దొరికాడంట. వైద్యం చేయించి మళ్లీ పనిలోకి తీసుకున్నారు గానీ, అయిదేళ్లు వాడిమీద కాపలా పెట్టారు. పిలిచిన రోజున పోయి, మనిషి ఎదురుగా నిలబడి చూస్తుంటే మూత్రం పోసి ఇవ్వాలంట. నా కొడుకు దొంగా అయ్యగారూ? ఆ కాపలా తీసెయ్యాలని ప్రార్థన చెయ్యండి.”

నేను ఆలోచింపక ఆమె అడిగినట్లే ప్రార్థించితిని. ఆ తరువాత ఆ కుమారునితో పలుమార్లు ఫోనులో మాటలాడి, ఈ ఏర్పాటు ఎట్టిదో తెలిసికొని, కొంత చదివిన మీదట, నా ప్రార్థన తప్పని నాకు తోచినది. తల్లియు కుమారుడును ఒప్పుకొన్నందున, పేరును ఊరును విడిచి ఈ పాఠము వ్రాయుచున్నాను. మన సంఘముల నుండి నర్సులు, కాంపౌండర్లు, డాక్టర్లు ఎందరో వెళ్లినారు. ఇట్టి ఇల్లు ఒక్కటే యుండదు.

కావలి అను మాటను మనము రెండు విధములుగా వాడుదుము. చెరసాల దగ్గర కావలి యుండును. చేను దగ్గరను కావలి యుండును. మంచె మీద వడిసెల పట్టుకొని రాత్రియంతయు మేలుకొనువాడు జొన్నకంకిని అనుమానించి కూర్చుండడు. అడవిపంది వచ్చునని యెరిగి, కంకి ఇల్లు చేరవలెనని కూర్చుండును. కయీనును దేవుడు తమ్ముని గూర్చి అడిగినప్పుడు, తమ్మునికి కావలి యుండుట తన పనియా అని వాడు ఎదురు ప్రశ్న వేసెను. ఆ తల్లి భయపడినది చెరసాల కావలికి. ఆమె కుమారునికి దొరికినది ఏ కావలియో చూచుటకు ముందు, గలతీ పత్రికలోని మాటలను విచారింతము.

తప్పిదములో చిక్కుకొనిన వానిని సాత్వికముతో సరియైన స్థితికి తేవలెనని పౌలు ఆత్మసంబంధులకు ఆజ్ఞాపించుచున్నాడు. అక్కడ ఆయన వాడిన గ్రీకు క్రియ ‘కతర్తిజో’. మార్కు 1:19లో జెబెదయి కుమారులు దోనెలో వలలు బాగుచేసికొనుచుండిరన్న చోట వాడినదియు ఇదే. గ్రీకు వైద్యులు తొలగిన ఎముకను దాని చోట సరిపెట్టుటను కూడ ఈ మాటతోనే చెప్పిరి. పుత్తూరు కట్టు కట్టించుకొని వచ్చినవారు మీ ఊరిలోను ఉందురు. ఎముకను సరిపెట్టుట కొద్దిసేపటి పని. బద్దలు పెట్టి కట్టిన కట్టు వారముల తరబడి ఉండవలెను. ఆ కట్టు దురద పెట్టును, బిగించును, స్నానమునకు అడ్డము. అయినను దానిని శిక్ష అని ఎవరును అనరు. పదిదినములకే విప్పివేయుమని బంధువులు తొందరపెట్టిన యెడల ఎముక వంకరగా అతుకును. నేను చేసిన ప్రార్థన అట్టిదే.

ఇంకొక మాట. రెండవ వచనములో ఒకరి భారము ఒకరు మోయవలెననియు, అయిదవ వచనములో ఎవరి బరువు వారే మోయవలెననియు ఉన్నది. ఇవి రెండును ఒకదానినొకటి కొట్టివేయుచున్నవా? గ్రీకులో మాటలు వేరు. మొదటిది ‘బరోస్’, మనిషిని క్రుంగదీయు భారము. రెండవది ‘ఫోర్తియోన్’, ప్రయాణికుడు తన భుజము మీద వేసికొని నడువదగిన మూట. మత్తు వ్యసనములో ఈ రెండును కలిసియే యుండును. మందు పట్టిన పట్టు భారము. దానిని ఒంటరిగా మోసి గెలిచినవారు అరుదు. ప్రతిదినము నిజము చెప్పుట మూట. దానిని తల్లియైనను కాపరియైనను వాని బదులు మోయలేరు.

వైద్యులును నర్సులును ఈ ఉచ్చులో ఎట్లు పడుదురని కొందరు ఆశ్చర్యపడుదురు. మందు గుణము ఎరిగినవారు గదా అందురు. ఎరిగియుండుటయే వారికి ఉరి. ఎంత వేసికొనిన ఏమగునో నాకు తెలియును అను ధైర్యము ఇతరులకు లేదు, వారికి కలదు. తాళపుచెవి వారి చేతిలో నుండును. మత్తు డాక్టరు రోగికి ఫెంటనిల్ ఇచ్చిన తరువాత సూదిలో కొంత మిగులును. మన దేశములో పెంటజోసిన్ సూదికి అలవాటుపడిన ఆసుపత్రి ఉద్యోగులను గూర్చి మన మానసిక వైద్యులు వ్రాసియున్నారు. దీనికి తోడు రాత్రి కొలువులు, ఒంటి నొప్పులు, చావును నిత్యము చూచుట. మరియొకటి, గౌరవము. ఊరంతయు డాక్టరుగారని చేతులెత్తి మ్రొక్కునప్పుడు, నాకు రోగము అని చెప్పుటకు నోరు రాదు. చెప్పిన యెడల లైసెన్సు పోవునను భయము ఆ నోటిని ఇంకను మూయును. వైద్యుడు తన్ను తానే బాగుచేసికొనవలెనను సామెతను ప్రభువు నజరేతులో ఎత్తి చెప్పినప్పుడు (లూకా 4:23), అది ఆయనను ఎగతాళి చేయువారి నోటి మాటగానే చెప్పెను. అయినను లోకము నేటికిని వైద్యులతో ఆ మాటయే అనుచున్నది.

విలియం స్టీవార్ట్ హాల్‌స్టెడ్ (1852–1922) అను శస్త్రవైద్యుని సంగతి వినుడి. ఆపరేషను గదిలో రబ్బరు చేతితొడుగులు వాడుకలోనికి వచ్చుటకు ఆయన ముఖ్య కారకుడు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైను కంటిని మొద్దుబరచునని కనుగొనగా, ఆ వార్త విని న్యూయార్కులో హాల్‌స్టెడును ఆయన తోటివారును తమ ఒంటికే సూదులు గ్రుచ్చుకొని పరీక్షించిరి. నరమును మొద్దుబరచి ఆపరేషను చేయు విద్య లోకమునకు దొరికెను. దొరకబుచ్చినవారు మందుకు దాసులైరి. 1886లో ఆయన ప్రావిడెన్సు పట్టణములోని బట్లర్ ఆసుపత్రిలో చేరెను. కొకైను స్థానములో మార్ఫీను వచ్చి చేరెను. విలియం వెల్చ్ అను స్నేహితుడు ఆయనను విడువక, బాల్టిమోరుకు పిలిచి, తన ఇంట ఉంచుకొని పని చూపించెను. ఆ స్నేహము లేనిదే ఆయన తరువాత చేసిన గొప్ప పనులు లేవు. అయితే మార్ఫీను మాత్రము విడువలేదు. తోటి వైద్యుడైన విలియం ఆస్లర్ దీనిని ఎరిగి ఒక రహస్య పుస్తకములో వ్రాసి తాళము వేసి పెట్టెను. అది 1969లో గాని లోకమునకు తెలియలేదు. మంచి స్నేహితులే. అయినను వారు మూసిపెట్టిరే గాని, నేడు వేసికొంటివా అని అడుగు ఏర్పాటు ఆయన చుట్టు లేదు. ఆయన కత్తి క్రింద పండుకొనిన రోగులకు ఈ సంగతి తెలియనే తెలియదు.

ఓహియో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణములో రాబర్ట్ స్మిత్ అను మరియొక శస్త్రవైద్యుడు ఉండెను. ఆయన త్రాగుబోతు. సంఘములో ఇది మనము మరువకూడని మాట: ఆయన ఆక్స్‌ఫర్డు గుంపు అను క్రైస్తవ సహవాసమునకు రెండున్నర ఏండ్లు వెళ్లుచు, ప్రార్థించుచు, వాక్యము చదువుచు, త్రాగుచునే యుండెను. 1935 మే 12న బిల్ విల్సన్ అనువాడు ఆయనను కలిసెను. అతడును త్రాగుబోతే, అప్పటికి అయిదు నెలలుగా మానియుండెను. పదిహేను నిమిషములకని ఒప్పుకొని వచ్చిన డాక్టరు రాత్రివరకు కూర్చుండెను. తనవలె పడినవాడు, తనవలె అబద్ధములాడినవాడు మాటలాడుట ఆయన అదే మొదటిసారి వినుట. విల్సన్ ఆ వేసవిలో వారి ఇంటనే ఉండెను. మధ్యలో డాక్టరు ఒక వైద్యసభకు పోయి మరల త్రాగి వచ్చెను. జూన్ 10న ఆపరేషను చేయవలసియుండగా, చేతులు వణకకుండ విల్సనే ఆయనకు ఒక బీరు ఇచ్చెను. (ఈనాడు అట్టి చేతులను ఆపరేషను గదికి పంపుటకు ఎవరును సమ్మతింపరు, సమ్మతింపకూడదు.) అదే ఆయన చివరి త్రాగుడు. 1950 నవంబరులో మరణించువరకు మరల ముట్టలేదు. ఆ ఇద్దరి నుండియే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అను సహవాసము పుట్టెను. ఆ తొలి దినములలో వారు మిక్కిలి ఇష్టపడి చదివినది యాకోబు పత్రిక. ఒకనితో ఒకడు పాపములు ఒప్పుకొని, స్వస్థత కొరకు ఒకని కొరకు ఒకడు ప్రార్థింపవలెనని అయిదవ అధ్యాయములో ఉన్నది గదా.

అయితే ఇష్టముండి వచ్చినవారికి సహవాసము చాలును. ఇష్టము లేక దాగుకొనినవారి సంగతి ఏమి? వారి చేతిలోని రోగుల సంగతి ఏమి? 1973లో అమెరికా వైద్యసంఘము, అస్వస్థుడైన వైద్యుని గూర్చి ఒక నివేదిక ప్రకటించి, తోటివారు మౌనముగా నుండుట ధర్మము కాదని తెలిపెను. 1980 నాటికి కొద్ది రాష్ట్రములు తప్ప అన్నిటి వైద్యసంఘములును ఇట్టివారి కొరకు ఏర్పాట్లు ఆరంభించెను. 1990లో ఈ కార్యక్రమములన్నియు ఒక సమాఖ్యగా కూడెను. నర్సులకును ఇట్టివి కలవు.

వాటి పని ఎట్లనగా: ముందు వైద్యుడు పని మానవలెను. రోగి ప్రాణము మొదటిది. తరువాత చికిత్స, పలుమార్లు కొన్ని నెలలు ఆసుపత్రిలోనే. అటుపిమ్మట సాధారణముగా అయిదేండ్లకు ఒప్పందము వ్రాసి సంతకము చేయవలెను. ప్రతి ఉదయము ఒక నంబరుకు ఫోను చేయవలెను. కొన్ని చోట్ల ఒక్కొక్కరికి ఒక రంగు ఇత్తురు. ఆ దినము ఆ రంగు పలికిన యెడల ఆ దినమే పోయి పరీక్షకు ఇవ్వవలెను. ఏ దినమో ముందు తెలియదు. మొదట తరచుగాను, ఏండ్లు గడచిన కొలది అరుదుగాను పిలుతురు. పనిచేయు చోట ఒక తోటి వైద్యుడు ఇతనిని కనిపెట్టి, కార్యక్రమమునకు నివేదిక పంపుచుండును. తనకు తానే మందు వ్రాసికొనుట కూడదు. వారమువారము తనవంటి వైద్యుల కూటమికి పోవలెను. ఇల్లాలితోను పిల్లలతోను మాటలాడువారును ఉందురు. దీనికంతటికి ప్రతిగా, ఒప్పందము నిలుపుకొనినంతవరకు కార్యక్రమము అతని పక్షమున లైసెన్సు బోర్డు ఎదుట నిలుచును. పరీక్షలో శుద్ధముగా వచ్చిన కాగితము ఒక్కొక్కటి అతనికి సాక్షి. ‘అయ్యగారూ, నేను మానితిని అన్న మాట మా ఆవిడే నమ్మలేదు. ఆ కాగితములే నా తరఫున మాటలాడినవి’ అని ఆ కుమారుడు నాతో చెప్పెను.

16 రాష్ట్రములలో ఇట్లు చేరిన 904 మంది వైద్యుల వివరములు పరిశీలించి 2008లో ఒక నివేదిక ప్రచురించిరి. వారిలో 802 మంది లెక్క అయిదేండ్లకు తేలెను. 631 మంది, అనగా నూటికి 78కి పైగా, లైసెన్సుతో పనిచేయుచుండిరి. 87 మంది లైసెన్సు పోగొట్టుకొనిరి. 30 మంది మరణించిరి. చికిత్స ముగించి కావలి క్రింద పనిలో చేరిన 647 మందిలో 126 మంది అయిదేండ్లలో ఎప్పుడో ఒకప్పుడు పరీక్షలో పట్టుబడిరి. ఆ 126 మందిలో రెండవమారు పట్టుబడినవారు 33 మందే. ఈ చివరి లెక్క దగ్గర కొంచెము ఆగుడి. అయిదుగురిలో ఒకడు జారెను. జారిన వారిలో ఎక్కువమంది మరల లేచిరి. ఎవరును చూడకయుండిన యెడల ఆ మొదటి జారుట ఎన్ని నెలలు దాగియుండెడిదో! అయితే ఈ లెక్కను పట్టుకొని కావలి ఒక్కటియే బాగుచేసెనని చెప్పుట తొందరపాటు. కావలి లేని మరియొక గుంపుతో దీనిని పోల్చి చూడలేదు. వైద్యునికి జీతము, చదువు, పోగొట్టుకొనుటకు ఒక వృత్తి కలవు. మన ఊరి సారాకొట్టు దగ్గర పడియున్నవానికి అవి లేవు.

కావలివారిని గూర్చియు ఒక మాట చెప్పకున్న ఈ పాఠము సగమే. యెహెజ్కేలు 34:1–6లో దేవుడు మందను తిట్టలేదు, కాపరులను గద్దించెను. ఒకని బ్రదుకుతెరువు తమ చేతిలో నున్నప్పుడు కావలివారు కఠినులగుట సులభము. 2014లో ఉత్తర కరోలినా రాష్ట్రపు ఆడిటరు అక్కడి కార్యక్రమమును పరిశీలించి, అధికారమును దుర్వినియోగము చేసినట్లు కనబడలేదు గాని, వైద్యుడు తన మాట చెప్పుకొనుటకు నిష్పక్షపాతమైన పద్ధతి లేదని తప్పుపట్టెను. 2022లో ఇండియానా రాష్ట్రపు నర్సుల బోర్డు, వ్యసనమును అణచుటకు డాక్టరు వ్రాసిన మందు వాడుచున్న నర్సులను కార్యక్రమములోనికి రానీయలేదని, అది వికలాంగుల హక్కుల చట్టమునకు విరుద్ధమని కేంద్ర న్యాయశాఖ తేల్చెను. మందు మానినవాడే నిజముగా మారినవాడని పట్టుబట్టుట మన సంఘములలోను ఉన్నది. ప్రార్థించితిమి, ఇక మాత్రలెందుకు అందురు. చక్కెర వ్యాధి మాత్రలు వేసికొనుచునే ఆ మాట అనిన పెద్దలను నేనెరుగుదును.

పరీక్షలును పొరబడవచ్చును. త్రాగుడును పట్టుటకు మూత్రములో ఒక పదార్థమును వెదకుదురు. త్రాగిన రెండు మూడు దినముల వరకు అది దొరుకును. అది ఎంత సూక్ష్మమైన పరీక్ష యనగా, చేతులకు రాచుకొను స్పిరిటు, నోరు పుక్కిలించు మందు, దగ్గుమందు వలనను తప్పు కనబడవచ్చునని 2006లో అక్కడి ప్రభుత్వ శాఖ ఒకటి హెచ్చరించెను. ఈ కుమారుడు వెళ్లు సంఘములో బల్ల దగ్గర పులిసిన ద్రాక్షారసమే ఇత్తురట. అతడు మూడు నెలలు గిన్నె ముట్టక, తల వంచుకొని రొట్టె మాత్రము తీసికొనెను. వెనుక బెంచీవారు ఏమనుకొనిరో! చివరకు కాపరికి సంగతి చెప్పగా, ఆయన ఏమియు అడుగక, మరుసటి నెల నుండి పళ్లెములో పులియని రసపు చిన్న గిన్నెలు ఒక వరుస పెట్టించి, ఎవరైనను తీసికొనవచ్చునని ప్రకటించెను. ఆ దినము ఆ గిన్నెలు తీసికొనినవారు పదిమందికి తక్కువ లేరట! మేము ఎండుద్రాక్ష నానబెట్టి తీసిన రసము వాడుచున్నాము గనుక ఆ చిక్కు మాకు లేదని అనుకొంటిని. తరువాత నాకు తోచినది, మా సంఘములో అట్లు నాతో చెప్పుకొన ధైర్యము ఎవరికైనను కలదా అని.

ఇట్టివాడు మన మధ్యకు తిరిగి వచ్చినప్పుడు మనము సాధారణముగా రెండు తప్పులు చేయుదుము. ఒకటి, ప్రార్థన అంశము అను పేరుతో వాని కథను ఇల్లిల్లు త్రిప్పుట. రెండవది మంచి మనస్సుతో చేయు తప్పు. మూడు నెలలు కాకమునుపే వేదిక ఎక్కించి సాక్ష్యము చెప్పించి, యౌవనస్థుల కూటమికి నాయకునిగా చేయుదుము. పడినప్పుడు మన పరువు కూడ పడెనని కోపింతుము. వానికి కావలసినది చప్పట్లు కాదు. ఫలాని దినమున ఎట్లున్నావు, నిజము చెప్పుము అని అడుగు ఒక్క మనిషి. నిజము చెప్పిన తరువాతను మరుసటి వారము వచ్చి మరల అడుగు మనిషి. అడుగువాడు తానును శోధింపబడుదునేమో అని చూచుకొనవలెనని పౌలు అదే వచనములో చెప్పెను గనుక, ముందు తన అలవాట్ల సంగతి ఆలోచించుకొని వెళ్లవలెను.

మన దేశములో అమెరికావలె రాష్ట్రమునకొక కార్యక్రమము వైద్యులకు లేదు. అయితే తలుపులు లేకపోలేదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములో 64ఎ అను సెక్షను కలదు. మందు వాడినందుకు గాని, కొద్దిపాటి మందు దగ్గర ఉంచుకొన్నందుకు గాని నేరము మోపబడిన వ్యసనపరుడు స్వయముగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు చేరిన యెడల ఆ శిక్ష నుండి రక్షణ దొరకవచ్చును. చికిత్స పూర్తిచేయకున్న ఆ రక్షణ తీసివేయవచ్చును. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము త్రాగుడు మత్తుల వలన కలుగు మానసిక స్థితులను రోగములుగా ఎంచి, రోగి సంగతిని గుప్తముగా ఉంచుకొను హక్కు ఇచ్చుచున్నది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్‌లోను, చెన్నైలో 1980లో స్థాపింపబడిన టి.టి. రంగనాథన్ సంస్థలోను వ్యసన చికిత్స జరుగుచున్నది. 14446 అను నంబరుకు ఉచితముగా ఫోను చేసి అడుగవచ్చును. నర్సమ్మయైనను, మందుల దుకాణపు పిల్లవాడైనను సిగ్గుపడి నావద్దకు రానక్కరలేదు. అక్కడికి పోయిన చాలును. తోడు కావలెనన్న యెడల ఏ కాపరియైనను బస్సెక్కి రావలెను.

ఆ కుమారునికి ఇప్పుడు నాలుగవ ఏడు నడుచుచున్నది. రెండవ ఏట ఒకసారి జారెను. దంతపు నొప్పికి ఇచ్చిన మాత్రలు వ్రాసిన దానికంటె ఎక్కువ వేసికొనెను; వారములోపల రంగు పలుకగా బయటపడెను. ఆరు వారములు పని మాన్పించి మరల చికిత్సకు పంపిరి. లైసెన్సు పోలేదు. ఆ సంగతి తల్లితో తానే చెప్పెను. ఆమె ఆ రాత్రి నిద్రపోలేదు గాని, కాపలా తీసివేయవలెనని నన్ను మరల అడుగలేదు.

అక్కడ తెల్లవారునప్పటికి మనకు సాయంకాలమగును. తన రంగు పలికిన దినమున అతడు తల్లికి ఫోను చేసి చెప్పును. మొన్న నేను ఆ వీధిని పోవుచుండగా ఆమె గుమ్మములో నుండి కేక వేసెను. “అయ్యగారూ, ఈరోజు వాడి రంగు వచ్చిందంట. పోతున్నాడంట” అని చెప్పి, గేదెకు కుడితి పెట్టుటకు లోపలికి వెళ్లెను.